పూజలో కూర్చున్న గోల్ఫ్ కట్టెలు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు ఏది తక్కువైనా కోపానికి మాత్రం కొదవుండేది కాదు. పొద్దున బెంగళూరు కాటన్‌పేటలో బస్సెక్కేటప్పుడు మొదలైన కోపం వైట్‌ఫీల్డ్‌లో దిగేసరికి బాగా ఉడికి, ఆఫీసు లిఫ్టులో పొంగి, నా సీటు దగ్గరికి వచ్చేసరికి మూత ఎగరగొట్టేది. ట్రాఫిక్ మీద కోపం, క్యాంటీన్ సాంబారులో పోసే బెల్లం మీద కోపం, 'క్విక్ కాల్' అని పిలిచి గంటసేపు కూర్చోబెట్టేవాళ్ళ మీద కోపం. ఇప్పటి పిల్లలు దీనికేదో నాజూకైన పేరు పెట్టుకుని, ఒక పూట సెలవు కూడా తీసుకుంటున్నారు. మాకా సదుపాయం లేదు. కోపమొస్తే కోపమే, దాన్ని పట్టుకునే పని చేసుకోవాలి. మా అవ్వ (నాన్నను కన్న తల్లి) మాత్రం "మా పాపకు కోపం ముక్కు మీదే ఉంటాది, దింపేదానికి గూడా తీరిక లేదు పాపం" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది. అది విని నాకు ఇంకా కోపమొచ్చేది.

ఈ కోపాలన్నిటికీ పెద్దక్కలాంటి కోపం ఒకటుండేది. దాని పేరు శనివారం. మా బాసుకు నేను 'శనివారం సార్' అని పేరు పెట్టుకున్నాను (మనసులోనే లెండి, పైకి అనేంత ధైర్యం ఉంటే ఈ కథే ఉండేది కాదు). కర్నూలు వైపు మనిషి, చెడ్డవారు కారు. కానీ ప్రతి శనివారం పొద్దున్నే హొసకోటె దారిలో ఉన్న గోల్ఫ్ రేంజికి వెళ్ళేవారు. రేంజి అంటే అసలు ఆట ఆడే చోటు కాదు. వరసగా పచ్చ చాపలు పరచి ఉంటాయి, ఒక్కో చాప మీద ఒక్కొక్కరు నిలబడి, ఎదురుగా ఉన్న ఖాళీ నేలలోకి బుట్టెడు బంతులు కొట్టి చేయి అలవాటు చేసుకుంటారు. ఆయన వెంట మా టీములోని ముగ్గురు మగమహారాజులు తయారు. ఇక సోమవారం మీటింగులో నేను ఏ సంగతి ఎత్తినా "ఓ, అది శనివారమే డిస్కస్ చేసేశాం కదా" అనేవారు. ఎవరితో చేశారు? ఎక్కడ చేశారు? చాపల మీద! నేను ఆదివారమంతా కూర్చుని తయారు చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయేవి.

ఇది నా ప్రాణం మీదికి వచ్చింది ఎప్పుడంటే, నా మందుల షాపుల పని పెద్దదైనప్పుడు. షాపులో ఏ మందు ఎంత ఉంది, ఏది అయిపోతోంది అని చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. మొదటి అక్షరం నుంచీ రాసింది నేను, పాడైతే బాగుచేసింది నేను, ఆ షాపులవాళ్ళు తిట్టే తిట్లు కన్నడంలో, తెలుగులో, హిందీలో తిన్నది నేను. దాన్ని ఇప్పుడు వేరే రాష్ట్రాలకు తీసుకెళ్తారట, దానికొక టీము పెడతారట, ఆ టీముకొక లీడ్ కావాలట. అది నాకు దక్కాలి. దక్కకపోతే నా బిడ్డను నా ఎదురుగానే ఇంకొకరి చంకకెక్కించినట్టే. ఇంతలో క్యాంటీన్‌లో చెవిన పడింది: లీడ్‌గా ఎల్బో స్వామి పేరు వినిపిస్తోందని. ఎల్బో స్వామి మా టీములోనే ఒకడు. పని మాట ఎలా ఉన్నా, శనివారాలు ఒక్కటీ తప్పేవాడు కాదు. ఎదుటివాడు కట్టె పట్టుకుంటే చాలు, "ఎల్బో! ఎల్బో చూస్కోండి!" అని అరిచేవాడట, అందుకే ఆ పేరు. ఆ సాయంత్రం బస్సులో నేను నిశ్చయించుకున్నాను. వాళ్ళ నిర్ణయాలన్నీ చాపల మీదే జరుగుతాయంటే నేనూ చాప ఎక్కుతాను.

ఎవరో మోజు తీరి వదిలేసిన సగం సెట్టు గోల్ఫ్ కట్టెలు నాకు దొరికాయి. వాటిని సంచీతో సహా మోసుకుంటూ ఇంటికొచ్చాను. మాది కింద బట్టల హోల్‌సేల్ దుకాణం, పైన ఇల్లు. నాన్న గల్లా దగ్గర నుంచే చూసి, "కట్టెతో బంతి కొట్టేదానికి హొసకోటె దాకా పోవల్లనా తల్లీ? మన గల్లీలో పిల్లోల్లు ఊరికే సుమ్నే కొడ్తుండారు కదా," అన్నాడు. చిన్నాన్న ఒక కట్టె తీసి వీపు గోక్కుని, బాగుందన్నాడు. అవ్వ మాత్రం ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి అడిగింది.

"యాల పాపా ఇవి? దేనికి పనికొస్తాయి?"

"నా ఉద్యోగానికి అవ్వా. ఇవి లేకుంటే ఆఫీసులో నా మాట చెల్లదు. నాయనకు కత్తెర ఎట్లో, నాకు ఇవి అట్ల," అన్నాను గట్టిగా.

"అట్లనా," అంది అవ్వ. ఆ మాటను ఎక్కడ భద్రంగా దాచుకుందో నాకప్పుడు తెలియలేదు.

మొదటి శనివారం రేంజిలో నన్ను చూసి శనివారం సార్ "వావ్, వెల్‌కమ్!" అన్నారు, నిజంగానే సంతోషపడ్డారు. నాకు అది కూడా కోపమే తెప్పించింది. ఇంత సంతోషపడే మనిషి ఇన్నాళ్ళూ ఒక్కసారైనా పిలవచ్చు కదా? ఆ కోపాన్నంతా చేతుల్లోకి తెచ్చుకుని కట్టె ఎత్తి కొట్టాను. చాప లేచింది, నా మణికట్టు జివ్వుమంది, బంతి మాత్రం ఉన్నచోటే ఉంది. మళ్ళీ కొట్టాను. ఈసారి కదిలింది, కానీ ముందుకు కాదు, పక్క చాప మీదున్న పెద్దమనిషి చెప్పుల దగ్గరికి. ప్రపంచంలో ఏ ఆటలోనైనా బంతి ఎదురొస్తుంది, దొర్లుతుంది, పారిపోతుంది, మనకు తప్పు దానిమీద నెట్టేసే వీలుంటుంది. ఇక్కడ అది కదలకుండా కూర్చుని ఉంటుంది, మనమే తప్పుతాం. ఇంతకన్నా కోపం తెప్పించే ఆటను మనుషులు కనిపెట్టగలరని నేననుకోను.

అదీ చాలదన్నట్టు సలహాలు. తల దించండి, మోకాలు వంచండి, మోకాలు మరీ వంచకండి, భుజం వదులు చేయండి, చిటికెన వేలు బిగించండి, గాలి పీల్చండి, గాలి వదలండి. "ఎల్బో! ఎల్బో!" (చెప్పానుగా.) ఈ సలహాలిచ్చేవాళ్ళలో ఒక్కడి బంతి కూడా నేరుగా పోయేది కాదు, అన్నీ కుడివైపు ఉన్న నీలగిరి చెట్లలోకి విహారానికి వెళ్ళేవి. అయినా ముఖంలో ఏ బెరుకూ ఉండదు. నేను నెలల తరబడి ప్రతి శనివారం వెళ్ళాను. వీడియోలు చూశాను, చేతులకు బొబ్బలు తెచ్చుకున్నాను, బంతి కాస్త లేవడం మొదలుపెట్టింది. కానీ వేరే చాపల మీద కుర్రాళ్ళు 'ఆ పసుపు డబ్బాను ఎవరు ముందు కొడితే వాళ్ళకు దోశ' అని పందేలు కట్టుకుని నవ్వుకుంటుంటే, వీళ్ళకు నవ్వెలా వస్తోందబ్బా అని పళ్ళు నూరుకునేదాన్ని. నేను వచ్చింది ఆడుకోవడానికా?

ఇంట్లో ఇంకొక రకం సాధన నడిచేది. గోల్ఫ్‌లో పట్టర్ అని ఒక పొట్టి కట్టె ఉంటుంది. గుంత దగ్గరికి చేరాక బంతిని ఎగరగొట్టకుండా మెల్లగా నేల మీద దొర్లించడానికి. మా హాల్లో పాతకాలపు ఎర్ర గచ్చు, తుడిచిన నీళ్ళు తూములోకి పోవడానికి ఒక మూలకు కొంచెం వాలుగా ఉంటుంది. ఆ మూలన ఇత్తడి చెంబు పడుకోబెట్టి, దాంట్లోకి బంతి దొర్లించేదాన్ని. అది అనపకాయల (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు) కాలం. మా ఇంట్లో ఆ కాలంలో ఉప్మాలో అనపగింజలు, పులుసులో అనపగింజలు, ఎవరైనా ఊరికే కూర్చుంటే ఒళ్ళో అనపగింజలు. అవ్వ నానబెట్టిన గింజలు పళ్ళెంలో వేసుకుని, పొట్టు పితుకుతూ నా సాధనంతా చూసేది. మూడోనాడో నాలుగోనాడో ఉండబట్టలేక, "ఒక తూరి నాకీ పాపా," అని పట్టర్ లాక్కుని, నిలబడకుండానే, మోడా మీద కూర్చునే ఒకటి పెట్టింది. బంతి వాలు మీద ఒంపు తిరిగి చెంబులోకి పోయింది.

ఆ క్షణం నుంచి నా సాధన కాస్తా ఇంటిల్లిపాదికీ తిరునాళ్ళయింది. అవ్వ రూలు పెట్టింది: పడనోళ్ళు గింజలు పితకల్ల. దుకాణం కట్టేసి నాన్న పైకి వచ్చేవాడు, "ఏమో పిచ్చి ఆట," అంటూనే చొక్కా చేతులు మడిచేవాడు. చిన్నాన్న మోసం చేసేవాడు, చెంబును కాలితో మెల్లగా జరిపేవాడు.

"పడింది!"

"ఎక్కడ పడిందప్పా? చెంబుకు తగిలి బయటకొచ్చిండాది, నా కండ్లు ఇంకా పోలేదు!" అని అవ్వ.

"వాలు సరిగ్గా లేదమ్మా."

"మీ నాయన కట్టించిన గచ్చప్పా అది. గింజలు పితుకు, సుమ్మనుండు."

నేను అరిచేదాన్ని. ఇది నా ఉద్యోగం విషయం, ఇది సీరియస్ ప్రాక్టీసు, మీకు ఆటలుగా ఉందా అని. ఎవరూ పట్టించుకునేవారు కాదు. అరిచి అరిచి నా వంతు వచ్చేసరికి నేనూ గింజలు పితకాల్సి వస్తుందన్న కోపంతో బంతి దొర్లించేదాన్ని, అది చెంబులో పడేది. అనపకాయల కాలం పోయాక పందెం కాఫీకి మారింది, పడనివాళ్ళు అందరికీ కాఫీ పెట్టాలి. చాప మీద కొట్టే బంతులకన్నా ఈ చెంబులోకి పోయే బంతులే ఎక్కువయ్యాయని నేను గమనించనే లేదు.

దసరా వచ్చేసరికి శనివారం సార్ ఒక ప్రకటన చేశారు. ఆఫీసువాళ్ళందరికీ స్నేహపూర్వక పోటీ, ఈసారి రేంజిలో కాదు, అసలైన కోర్సులో. నలుగురేసి ఒక జట్టు. నలుగురూ కొడతారు, ఎవరి బంతి మంచిచోట పడితే అక్కడి నుంచి మళ్ళీ నలుగురూ కొడతారు. ఆయన జట్టులో ఒకరికి నడుము పట్టేసింది కాబట్టి నేను. మిగతా ఇద్దరిలో ఒకడు ఎల్బో స్వామి. "ఆ ఫార్మసీ ప్రాజెక్ట్ సంగతి కూడా ఆ రోజు ఫైనలైజ్ చేసేద్దాం," అన్నారు నడుస్తూ నడుస్తూ. పోటీ ఆయుధపూజ నాడట, సెలవు కదా అని. పూజ పొద్దున్నే అయిపోతుందిలే, పదింటికి బయలుదేరితే చాలనుకున్నాను.

ఆ పొద్దున తలస్నానం చేసి హాల్లోకి వచ్చాను. మా ఇంట్లో ఆయుధపూజకు దేవుడి ముందు పీట వేసి, దుకాణంలో గుడ్డ కొలిచే ఇనప గజం, కత్తెరలు, తూకపు రాళ్ళు, చిన్నాన్న స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి, విభూతి పట్టెలు వేసి, కుంకుమ పెట్టి కూర్చోబెడతారు. ఒకసారి పూజలో కూర్చున్నవి మర్నాడు విజయదశమికి మళ్ళీ హారతి ఇచ్చేదాకా ముట్టకూడదు. ఏ కొనుగోలుదారు వచ్చి మొత్తుకున్నా మా నాన్న ఆ రోజు కత్తెర తీయడు. ఆ కత్తెరల పక్కన, గోడకు ఆనించి, ఒక్కో కట్టెకూ మూడు విభూతి పట్టెలూ, బొట్టూ, సేవంతి పూల దండా వేయించుకుని, నా గోల్ఫ్ కట్టెలు వరసగా కూర్చుని ఉన్నాయి. హారతి కూడా అయిపోయింది.

"అవ్వా!"

"ఏం పాపా, బాగుండాయి కదా? సంచీ గూడా తుడిచిండాను."

"ఇయ్యాల పోటీ ఉండాది! నాకు అవి కావల్ల!"

"ఇయ్యాల ఎట్ల ముడ్తావు? కూర్చునేసిండాయి కదా. నీ ఉద్యోగానికి ఇవే అని నువ్వే అంటివి. కత్తెర ఎట్లో ఇవి అట్ల అంటివి. అందుకే కత్తెర పక్కన పెట్టిండాను."

నేను అరిచిన అరుపులకు కింద గల్లీలో గుమ్మడికాయ పగలగొట్టబోతున్నవాడు చేయి ఎత్తి అలాగే ఆగిపోయాడట. ఏడాది కష్టం, నా పని, నా లీడ్, అన్నీ విభూతిలో కలిపేశారని, ఈ ఇంట్లో నా బతుకు ఎవరికీ పట్టదని, ఏమేమో అన్నాను. నాన్న వైపు చూశాను. నాన్న కత్తెరల వైపు చూశాడు. అవ్వ కొంచెం కూడా చలించలేదు, పనిముట్లకు ఏడాదికి ఒక్క రోజు సెలవిస్తే నీ సొమ్మేం పోయిందంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి, తలుపు వెనక నుంచి పట్టర్ తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. దానికి బొట్టు లేదు, పూలు లేవు.

"ఇది పెట్టలేదు. ఇది ఆడుకునే కట్టె కదా పాపా, పనిముట్టు కాదు."

అరటి పిలకలు కట్టుకున్న ఆటోలో, చేతిలో ఒకే ఒక్క పొట్టి కట్టెతో, దారి పొడవునా లోకాన్ని తిట్టుకుంటూ కోర్సుకు చేరాను. అందరూ చక్రాల సంచులు లాక్కుని వస్తున్నారు.

"మీ సెట్ ఏది?" అన్నారు శనివారం సార్.

"పూజలో ఉంది సార్. రేపటి దాకా ముట్టకూడదు."

నవ్వుతారనుకుని పళ్ళు బిగించాను. ఆయన నవ్వలేదు. తన మెరిసే కట్టెల వైపు చూసుకుని, గొంతు తగ్గించి, "నేను ఈ రోజు ఇక్కడున్నట్టు మా అమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు," అన్నారు. ఎల్బో స్వామి తన కట్టె ఒకటి ఇవ్వబోయాడు, ఇస్తూనే "కానీ ఎల్బో..." అన్నాడు. వద్దన్నాను. మొదటి బంతిని పట్టర్‌తోనే కొట్టాను. అది ఎగరలేదు, నేల మీదే బుద్ధిగా నేరుగా దొర్లుతూ పోయింది. వెనక నుంచి నవ్వులు వినిపించాయి. ఎల్బో స్వామి బంతి మాత్రం గాల్లో అందంగా లేచి నీళ్ళకుంటలో పడింది.

గుంత దగ్గరికి చేరాక కథ మారింది. ఆ పచ్చిక వాలు చూడగానే నాకు మా ఎర్ర గచ్చు, తూము మూల కనిపించాయి. 'పడకపోతే కాఫీ' అనుకుని దొర్లించాను, పడింది. మళ్ళీ ఇంకో గుంత దగ్గరా పడింది. మా జట్టుకు ఎగరగొట్టేవాళ్ళు ముగ్గురు, పడేసేదాన్ని నేనొక్కతెను. కానీ నా చెవులు ఆటలో లేవు, మాటల్లో ఉన్నాయి. ఏడాదిగా నన్ను బయట నిలబెట్టిన ఆ రహస్య మంతనాలు ఇప్పుడు వినబోతున్నాను కదా! విన్నాను. మోకాలి నొప్పికి ఏ నూనె మంచిది. పిల్లవాడికి ఏ బడిలో సీటు కష్టం. వెన్న దోశ ఏ వీధిలో బాగుంటుంది. నీళ్ళ ట్యాంకరు ఎన్నింటికి వస్తుంది. అంతే! మంతనాల్లేవు, మట్టిగడ్డల్లేవు. ఎవరు ఎదురుగా నిలబడితే వాళ్ళ పేరు ఆయన నోటికొచ్చేది, అదే 'డిస్కస్ చేశాం'. మోసం చేస్తున్నారనుకున్నప్పుడు కూడా నాకు అంత మంట పుట్టలేదు. దీనికా నేను చేతులకు బొబ్బలు తెచ్చుకున్నది?

చివరి గుంత దగ్గర నా వంతు వచ్చింది. శనివారం సార్ మంచి హుషారులో ఉన్నారు. "ఆ ఫార్మసీ లీడ్ గురించి స్వామి పేరే అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. బట్ యూ ఆర్ ప్లేయింగ్ సో వెల్! ఇది వేసేయండి, ప్రాజెక్ట్ మీకే!" అన్నారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. స్వామి ముఖం పాలిపోయింది.

కావలసింది కాళ్ళ దగ్గరికే వచ్చింది. వంగి బంతి చూశాను, చేతిలో కట్టె చూశాను, బొట్టులేని కట్టె. అన్ని రోజుల కోపమూ ఒక్కచోటికి వచ్చి, మొదటిసారి అరవకుండా నిలబడింది.

"సార్, ఇది ఆడుకునే కట్టె," అన్నాను. "ఆ పని రాసింది నేను. ఈ బంతి పడినా నేనే, పడకపోయినా నేనే. దాని సంగతి సెలవులయ్యాక ఆఫీసులో, బల్ల దగ్గర, అందరి ముందు మాట్లాడదాం. స్వామి గారూ రావచ్చు."

మళ్ళీ వంగి గురి చూసుకున్నాను. దొర్లించాను. బంతి నేరుగా వెళ్ళి, గుంత అంచు మీద ఒక చుట్టు తిరిగి, బయటే ఆగిపోయింది. నా నోరు నన్ను అడక్కుండా "అయ్యో, కాఫీ నేనే పెడతా!" అని అరిచింది. ముందు శనివారం సార్ నవ్వారు, తర్వాత స్వామి, ఆఖరికి నేను. గోల్ఫ్ చోట నేను నవ్వడం అదే మొదలు. నిజంగానే అందరికీ కాఫీలు నేనే తెచ్చాను.

సెలవుల తర్వాత బల్ల దగ్గర గట్టిగానే మాట్లాడాను. అంత తేలిగ్గా ఏమీ ఇవ్వలేదు, అడ్డు ప్రశ్నలన్నీ అడిగారు. అయినా పని నాకే వచ్చింది. స్వామి నా టీములోకే వచ్చాడు, అక్కడా సలహాలే ఇచ్చాడు. శనివారాలు నేను మానలేదు. కాకపోతే పసుపు డబ్బా కుర్రాళ్ళతో చేరి, దోశ పందేలు కట్టాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను వైట్‌ఫీల్డ్‌లోనే ఉంటున్నాను, నా కింద పెద్ద టీమే ఉంది, కోపం కూడా పదవి పెరిగి కాస్త నెమ్మదించింది. అని నేననుకుంటున్నాను. ఈ మధ్య నా ఆట కొంచెం మెరుగుపడింది, అదే వచ్చిన చిక్కు. గీతలున్న చాప ఒకటి కొన్నాను. ఫోను స్టాండుకు పెట్టి నా పట్టర్ కదలికను వీడియో తీసుకుని, మణికట్టు ఎక్కడ ఒంగిందో ఆపి ఆపి చూసుకుంటున్నాను. మొన్న దసరాకు కాటన్‌పేట వెళ్తూ పట్టర్‌తో పాటు ఆ చాపనూ మోసుకెళ్ళి హాల్లో పరిచాను. చిన్నాన్న మనవరాళ్ళు "అత్తా, ఒక తూరి మాకు," అంటే, "ఉండండమ్మా, ప్రాక్టీసు చేసుకుంటుండాను," అని కసురుకున్నాను కూడా. అవ్వ మోడా మీద కూర్చుని చూస్తూ ఉండింది.

మర్నాడు ఆయుధపూజ. స్నానం చేసి వచ్చేసరికి కత్తెరల పక్కన నా ల్యాప్‌టాప్, దాని పక్కన మూడు విభూతి పట్టెలతో, సేవంతి పూలతో, నా పట్టర్.

"అవ్వా! దాన్నెందుకు పెట్టినావు?" నా గొంతులో పాత మంట అలాగే లేచింది.

"ఇన్నాళ్ళు ఆడుకునేది కదా అని తలుపు వెనకాల పెడుతుంటి. నిన్న నీ మొగం చూసినాను పాపా," అంది అవ్వ. "ఇది గూడా పనే అయిపోయిండాది. అందుకే కూర్చోబెట్టిండాను."

పూలు చుట్టుకున్న పట్టర్ వైపు ఇంకోసారి చూశాను. తర్వాత నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వు. ఆ పొట్టి కట్టెతో ఆటోలో పళ్ళు నూరుకుంటూ పోయిన పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లకు తెలిసిన సంగతి నేను మళ్ళీ ఎక్కడో పారేసుకున్నట్టున్నాను. చాప చుట్టి మూలన పడేశాను. చెంబు తెచ్చి తూము పక్కన పడుకోబెట్టాను. బంతి కూడా పూజలోనే ఉంది కాబట్టి, స్కూటరు చక్రాల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయల్లో ఒకటి తీసుకుని, అవ్వ చేతికర్ర అడిగి పుచ్చుకున్నాను. పిల్లలు చుట్టూ మూగారు. నిమ్మకాయ నేరుగా ఎక్కడ దొర్లుతుంది? వంకర తిరుగుతూ పోయి చెంబు మూతికి తగిలి ఆగింది.

"పడలే," అంది అవ్వ.

"పడింది," అన్నాను నేను, ఎప్పటిలాగే గట్టిగా. కాఫీ మాత్రం నేనే పెట్టాను.